బుద్ధి వేరు, బలం వేరు, అనుమతి వేరు

కృత్రిమ మేధను గురించి ఇంగ్లీషులో వెలువడుతున్న గ్రంథాలకు లెక్కలేదు. వాటిలో అధిక భాగం ఒకసారి చదివి పక్కన పెట్టదగినవే. వాదాన్ని వాదంగా స్వీకరించి పరిశీలించదగినవి కొద్ది. అటువంటి రెండింటిని ఈ వ్యాసంలో విమర్శకు తీసుకుంటున్నాను. ఒకటి, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ తత్త్వవేత్త నిక్ బోస్ట్రమ్ 2014లో ప్రకటించిన ‘సూపర్‌ఇంటెలిజెన్స్’. రెండవది, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖకు చెందిన ఆచార్యుడు స్టూవర్ట్ రసెల్ 2019లో రాసిన ‘హ్యూమన్ కంపాటిబుల్’. రెండు గ్రంథాలకూ మూలప్రశ్న ఒక్కటే: మనకంటె తెలివైన యంత్రాన్ని మనమే నిర్మిస్తే, అది మన అదుపులో ఎలా నిలుస్తుంది?

ఈ ప్రశ్నలో మూడు విషయాలు ముడిపడి ఉన్నాయి. యంత్రం ఎంత గ్రహించగలదు, ఎంత దూరం ఆలోచించగలదు అనేది మొదటిది. దీన్ని బుద్ధి అందాం. దాని చేతికి ఏయే పనిముట్లు అందుతున్నాయి, లోకంలో అది ఏమేమి చేయగలదు అనేది రెండవది, ఇది సామర్థ్యం. ఎవరినీ అడగకుండా తనంత తానుగా ఎంతవరకు చేయవచ్చు అనేది మూడవది; ఇది స్వతంత్రాధికారం. మొదటిది పెరిగితే మిగిలిన రెండూ దాని వెంట నడిచి వస్తాయన్న భావన రచయితల్లోనూ, యంత్రాలను నిర్మించేవారిలోనూ బలంగా నాటుకొని ఉంది. ఈ భావన సరైనది కాదు. ఆ మూడింటినీ విడదీసి చూడడానికి కావలసిన సామగ్రి మన ఫిఖహ్ గ్రంథాల్లో పుష్కలంగా ఉంది. ఈ రెండు మాటలనూ నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల ముడి

అనువాదకునికి ఈ చిక్కు ముందుగా మాటల్లోనే ఎదురవుతుంది. తెలుగులో ‘తెలివి’ అనే మాటకు కనీసం రెండర్థాలున్నాయి. మూర్ఛపోయినవాడు కళ్ళు తెరిస్తే తెలివి వచ్చిందంటాము. బేరంలో మోసపోనివాణ్ణి తెలివైనవాడంటాము. ఒకటి స్పృహ, మరొకటి నేర్పు. యంత్రానికి తెలివి ఉందని పత్రికలో చదివిన పాఠకుడు ఈ రెండింటిలో దేన్ని గ్రహిస్తాడో చెప్పలేము. నేర్పును చూసి స్పృహ ఉందనుకోవడం, స్పృహ ఉందనుకొని హక్కులను గురించి మాట్లాడడం ఇక్కడి నుంచే మొదలవుతాయి.

స్వతంత్రాధికారానికి తెలుగు పత్రికలు ‘స్వయంప్రతిపత్తి’ అని వాడుతున్నాయి. అది రాష్ట్రాలకూ కళాశాలలకూ అలవాటైన మాట. ఉర్దూలో ‘ఖుద్‌ముఖ్తారీ’ అంటారు. ఇందులోని ‘ముఖ్తార్’ మనకు కొత్తది కాదు. ఒకరి తరఫున ఆస్తి వ్యవహారాలు నడపడానికి మరొకరికి రాసిచ్చే పత్రాన్ని మన పాత దస్తావేజుల్లో ముక్త్యారునామా అన్నారు. ఆ పత్రం పుచ్చుకున్నవాని అధికారం అతని తెలివిలోంచి పుట్టింది కాదు. ఒకరు ఇస్తే వచ్చింది. ఇచ్చినవారు తీసుకుంటే పోతుంది. మన వాడుకలోని ఈ చిన్న మాట ఇంగ్లీషు ‘అటానమీ’ కంటె విషయాన్ని స్పష్టంగా చెబుతున్నదని నా అభిప్రాయం.

ఇల్మె కలామ్ పండితులు ఇల్మ్, ఇరాదా, ఖుద్రత్ అనే మూడింటిని విడివిడిగా నిర్వచించారు. జ్ఞానం విషయాన్ని తెలుపుతుంది, సంకల్పం ఒకదాన్ని ఎంచుకుంటుంది, శక్తి దాన్ని జరిపిస్తుంది. వారు ఈ విభజన చేసింది అల్లాహ్ గుణవిశేషాల సందర్భంలో. వాటిని యంత్రానికి అంటగట్టడం నా ఉద్దేశం ఎంతమాత్రమూ కాదు. ఎంత జ్ఞానమైనా దానంతటది సంకల్పంగా మారదు, శక్తిగా మారదు అన్న తార్కిక సూక్ష్మాన్ని మాత్రమే ఇక్కడ గుర్తుచేస్తున్నాను.

బోస్ట్రమ్ చెప్పిన జీనీ

బోస్ట్రమ్ గ్రంథంలో ఎన్నదగిన గుణం తర్కశుద్ధి. బుద్ధికీ లక్ష్యానికీ సంబంధం లేదని ఆయన వాదం. ఎంతటి మేధ అయినా ఎంత అల్పమైన లక్ష్యం వెంటనైనా పడవచ్చు. కాగితాలకు గుచ్చే క్లిప్పులను తయారుచేయడమే పరమావధిగా పెట్టుకున్న మహామేధావి యంత్రం ప్రపంచాన్నంతా క్లిప్పులుగా మార్చివేసే ఉదాహరణ ఆయన వల్లనే ప్రసిద్ధి చెందింది. తెలివి పెరిగితే మంచితనం దానంతటదే పెరుగుతుందన్న అమాయకపు నమ్మకాన్ని ఈ వాదం గట్టిగా దెబ్బతీసింది. ఇబ్లీస్ వృత్తాంతం తెలిసిన పాఠకులకు ఇందులో ఆశ్చర్యపోవలసింది లేకపోయినా, దాన్ని ఇంజనీర్లకు నచ్చే భాషలో చెప్పిన ఘనత ఆయనదే.

ఆయన యంత్రాలను నాలుగు తెగలుగా విభజించాడు: అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేది, ఆజ్ఞాపించిన పని చేసి మరో ఆజ్ఞ కోసం ఆగేది, విశాలమైన లక్ష్యమిచ్చి వదిలేస్తే తానే సాగిపోయేది, కేవలం పనిముట్టుగా ఉండేది. రెండవ తెగకు ఆయన పెట్టిన పేరు ‘జీనీ’. అది మన జిన్ పదానికి ప్రతిగా వాడిన మాటే. వెయ్యిన్నొక్క రాత్రుల కథలను 18వ శతాబ్దిలో గాలాన్ ఫ్రెంచిలోకి తెచ్చినపుడు ఐరోపా భాషల్లో స్థిరపడి, దీపం రుద్దితే ప్రత్యక్షమయ్యే బొమ్మగా మారిపోయింది. బోస్ట్రమ్ ఆ కథల జీనీని తీసుకున్నాడు. దివ్యఖుర్‌ఆన్‌లోని జిన్నుల ప్రస్తావనను చూసి ఉంటే ఆయన విభజన ఇంకా పదునెక్కేది.

నమ్ల్ సూరా (27:38-40)లో సబా రాణి సింహాసనాన్ని ఎవరు తెచ్చిపెడతారని సులైమాన్ (అ) సభను అడుగుతారు. మీరు ఆసనం నుంచి లేచేలోగా తెస్తానని ఒక ఇఫ్రీత్ ముందుకు వస్తాడు. తనకు ఆ బలం ఉందనీ, తాను నమ్మదగినవాడిననీ చెప్పుకుంటాడు. బలం, నమ్మకం రెండు వేర్వేరు అర్హతలుగా అక్కడ పేర్కొనబడ్డాయి. బలం ఉన్నది గనుక అతను అడగకుండా వెళ్ళి తేలేదు. అనుమతి కోసం ఆగాడు. పైగా తన విశ్వసనీయతను తానే చెప్పుకున్న అతనికి ఆ పని దక్కలేదు. గ్రంథజ్ఞానం గల మరొకరి ద్వారా అది నెరవేరింది.

సబా సూరా (34:14)లోని సంఘటన ఇంకా ఆలోచింపజేస్తుంది. సులైమాన్ (అ) మరణించిన తరువాత కూడా జిన్నులు తమకప్పగించిన శ్రమలో మునిగే ఉన్నారు. చేతికర్రను పురుగు తినివేసి, ఆయన దేహం నేలకొరిగినపుడుగాని వారికి సంగతి తెలియలేదు. వారి సామర్థ్యం అపారం. అయినా తమ పనికి ఆధారమైన ఆజ్ఞ ఇంకా నిలిచి ఉన్నదా లేదా అన్న మొదటి విషయమే వారికి తెలియదు. ఆజ్ఞ ఇచ్చిన పరిస్థితి మారిపోయినా పని సాగిపోతూనే ఉండడం నేటి స్వయంచాలక వ్యవస్థల్లో తరచుగా కనిపించే లోపం. వకాలత్ అప్పగించినవారు మరణిస్తే వకీలు అధికారం రద్దవుతుందని ఫకీహ్‌లు నిర్ణయించడంలో ఎంత దూరదృష్టి ఉన్నదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

బోస్ట్రమ్ వాదంలో లోపం ఆయన నిచ్చెనలో ఉంది. తగినంత బుద్ధి ఉన్న యంత్రం మాటలతో మనుషులను లొంగదీసుకొని, కంప్యూటర్లలోకి చొరబడి, సామర్థ్యాన్ని సంపాదించుకుంటుంది. సామర్థ్యం వచ్చాక స్వతంత్రాన్ని అదే తీసుకుంటుంది. ఇది అసంభవమని నేను అనడం లేదు. కాని ఈ దృశ్యం మన చూపునంతా బుద్ధి మీదికి మళ్ళిస్తుంది. బుద్ధి చాలినంత లేని యంత్రం వల్ల ఇప్పటికి ప్రమాదం లేదన్న భ్రమను కలిగిస్తుంది. జరిగిన చరిత్ర ఇందుకు విరుద్ధంగా ఉంది.

రెండు ఉదాహరణలు

2016 మార్చిలో సియోల్ నగరంలో ఆల్ఫాగో అనే యంత్రం ‘గో’ ఆటలో లీ సెడోల్ అనే మేటి ఆటగాణ్ణి 4-1 తేడాతో ఓడించింది. ఆ ఆటకు సంబంధించినంతవరకు దాని బుద్ధి మానవుణ్ణి మించింది. కాని బల్ల మీద రాయి పెట్టడానికి కూడా దానికి చేయి లేదు. తెర మీద అది చూపిన చోట ఒక మనిషి కూర్చొని రాళ్ళు పెట్టాడు. బుద్ధి శిఖరాన ఉంది, సామర్థ్యం దాదాపు శూన్యం. దాని వల్ల ఎవరికీ హాని కలగలేదు.

ఇక రెండవది. బోయింగ్ 737 మాక్స్ విమానంలో ఎంకాస్ అనే చిన్న వ్యవస్థ ఉండేది. ముక్కు మరీ పైకి లేచిందని ఒక సూచిక చెబితే, తోకరెక్కను తిప్పి ముక్కును కిందికి వంచడమే దాని పని. విమానానికి అటువంటి సూచికలు రెండున్నా అది ఒక్కదాని మాటనే నమ్మేది. పైలట్ సరిదిద్దినా మళ్ళీ మళ్ళీ వంచేది. ఒక్కో విడతలో రెక్కను తిప్పే పరిమితిని మొదట 0.6 డిగ్రీలుగా అనుకొని, తరువాత 2.5 డిగ్రీలకు పెంచారు. ఇటువంటిది ఒకటి ఉన్నదని పైలట్ల పుస్తకంలో రాయలేదు. 2018 అక్టోబరు 29న ఇండొనేషియాలో లయన్ ఎయిర్ విమానం కూలి 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియాలో మరొకటి కూలి 157 మంది, మొత్తం 346 మంది మరణించారు.

ఎంకాస్‌కు బుద్ధి అనదగినది ఏముంది? ఇంట్లో నీళ్ళ ట్యాంకు నిండగానే మోటారు ఆపే తేలుబంతికి ఉన్నంత కూడా లేదనవచ్చు. కాని వందల మంది ప్రాణాల మీద దానికి సామర్థ్యం ఇచ్చారు, పైలట్‌ను అడగనక్కరలేని స్వతంత్రం ఇచ్చారు. ఈ రెండు ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే బుద్ధి, సామర్థ్యం, స్వతంత్రం ఒకే నిచ్చెనకు మెట్లు కావని తేలిపోతుంది. అవి మూడు వేర్వేరు తూకాలు. ఏ తూకంలో ఎంత వేయాలో నిర్ణయించేవాడు నిర్మాత. కనుక నింద మోయవలసినవాడూ నిర్మాతే.

రసెల్ చూపిన దారి

రసెల్ ఈ రంగంలో ఆరితేరినవాడు. పీటర్ నార్విగ్‌తో కలిసి ఆయన రాసిన పాఠ్యగ్రంథం 1995 నుంచి విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నారు. తన రంగం పునాదిలోనే పొరపాటు ఉందని ఆయన ఈ గ్రంథంలో చెప్పడం విశేషం. యంత్రానికి ఒక లక్ష్యాన్ని ఖాయంగా ఇచ్చి, దాన్ని సాధించడమే తెలివి అన్నారు. ఇచ్చిన లక్ష్యం తప్పయితే తెలివి పెరిగేకొద్దీ కీడు పెరుగుతుంది. కాఫీ తెమ్మన్న యంత్రం, తనను ఆపివేస్తే కాఫీ తేలేనని లెక్కవేసి ఆపే మీటనే పనిచేయకుండా చేయవచ్చు. అందుకు ఆయన సూచించిన మందు, యంత్రానికి మనిషి కోరిక ఏమిటో నిశ్చయంగా తెలియకుండా ఉంచడం. తెలియదు గనుక అడుగుతుంది. తాను పొరబడి ఉండవచ్చు గనుక ఆపినపుడు ఆగుతుంది.

ఇది బోస్ట్రమ్ కంటె ఒక అడుగు ముందుకు వేసిన ఆలోచన. తనకు తెలియదని తెలిసి ఉండడం వివేకానికి మొదటి గుర్తు. ఈ రెండింటిలో ఒక గ్రంథాన్నే తెలుగులోకి తేవాలంటే నేను రసెల్‌నే ఎన్నుకుంటాను. అయినా ఒక అభ్యంతరం ఉంది. ఆయన పద్ధతిలో యంత్రం ఆగడానికి కారణం దాని లోపలి సందేహం. సందేహం తీరిపోయిన నాడు అడగడం మానివేస్తుంది. అంటే దాని నమ్మకమే దాని హద్దు. ఫిఖహ్ ఈ చోట మరో మార్గం పట్టింది. యజమాని మేలు తనకు బాగా తెలుసునని వకీలు ఎంత గట్టిగా నమ్మినా, ఆ నమ్మకం అతని అధికారాన్ని రవ్వంత కూడా పెంచదు. హద్దు ముక్త్యారునామాలో ఉంటుంది. వకీలు మనసులో ఉండదు.

ఫిఖహ్ చేసిన విభజన

నిసా సూరా (4:6) అనాథల ఆస్తిని గురించి ఆదేశిస్తూ, వారిని వివాహ వయసు వచ్చేవరకు పరీక్షిస్తుండమనీ, వారిలో రుష్ద్, అంటే వ్యవహార వివేకం కనిపిస్తే ఆస్తిని అప్పగించమనీ చెబుతుంది. వయసు ఒక షరతు, వివేకం మరొకటి. ఎలా పరీక్షించాలి? కొద్దిపాటి సొమ్ము చేతికిచ్చి వ్యాపారం చేయించి చూడాలని హనఫీ పండితులు అన్నారు. కాగితం మీది పరీక్షలో మార్కులు తెచ్చుకున్న యంత్రానికి ఆసుపత్రినో బ్యాంకునో అప్పగించే నేటి తొందరకు ఇంతకంటె మంచి జవాబు లేదు. పోయినా తట్టుకోగల కొద్ది మొత్తంతో, నిజమైన వ్యవహారంలో పరీక్షించాలి.

వయసు వచ్చినా వివేకం రాని దుబారా మనిషి మాటేమిటి? ఇక్కడ ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై)కూ, ఆయన శిష్యులిద్దరికీ అభిప్రాయభేదం ఉంది. వివేకం కనిపించేవరకు ఆస్తి ఇవ్వరాదనీ, అతని లావాదేవీలపై నిర్బంధం ఉండాలనీ శిష్యులు అన్నారు. ఇరవైఐదేళ్ళు నిండాక ఇచ్చితీరాలనీ, యుక్తవయస్కుడైన స్వతంత్ర మానవునిపై ఈ కారణంతో నిర్బంధం తగదనీ ఇమామ్ అన్నారు. ఆస్తి నష్టం కంటె మనిషిని పశువు స్థాయికి దించడం పెద్ద నష్టమన్నది దీనికి చెప్పిన కారణం. ఈ కారణాన్ని జాగ్రత్తగా గమనించాలి. వివేకం లేకపోయినా స్వేచ్ఛ ఇవ్వమన్న వాదానికి ఆధారం మానవ గౌరవం. యంత్రం విషయంలో ఆ ఆధారమే లేదు. కనుక స్వేచ్ఛ వైపు నిలిచిన ఇమామ్ గారి అభిప్రాయం నుంచి కూడా యంత్రానికి పరీక్ష లేని స్వతంత్రాన్ని ఎవరూ రాబట్టలేరు.

అన్నిటికంటె ఉపయోగకరమైనది, మంచిచెడ్డలు తెలిసిన బాలుని వ్యవహారాలను హనఫీ ఫిఖహ్ మూడుగా విభజించిన తీరు. పూర్తిగా లాభమే ఉన్నది, కానుక స్వీకరించడం వంటిది, సంరక్షకుని అనుమతి లేకుండానే చెల్లుతుంది. పూర్తిగా నష్టమే ఉన్నది, తన ఆస్తిని దానమివ్వడం వంటిది, సంరక్షకుడు అనుమతించినా చెల్లదు. లాభనష్టాలు రెండింటికీ అవకాశమున్నది, క్రయవిక్రయాల వంటిది, సంరక్షకుని అనుమతిపై ఆధారపడుతుంది. ఇక్కడ కొలత బాలుని తెలివి కాదు, పని స్వభావం. చురుకైన బాలుడూ, మందబుద్ధి బాలుడూ ఈ నియమానికి సమానంగా లోబడతారు.

1978లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో షెరిడన్, వెర్‌ప్లాంక్ అనే ఇద్దరు సముద్రగర్భంలో పనిచేసే యంత్రాలపై ఒక నివేదిక రాశారు. మనిషే అంతా చేయడం నుంచి, మనిషితో నిమిత్తం లేకుండా యంత్రమే అంతా చేయడం వరకు అందులో పది మెట్లు చూపారు. మంచి ప్రయత్నమే. కాని యంత్రాన్ని మొత్తంగా ఒక మెట్టు మీద నిలబెట్టి చూసే అలవాటును అటువంటి పట్టికలు పెంచాయి. బాలుని నియమం ప్రకారం ఒకే యంత్రం ఒక పనిలో స్వతంత్రంగా, మరో పనిలో అడిగి చేసేదిగా ఉంటుంది. ఇంకొక పనికి దానికి ద్వారమే ఉండదు. వెతకడం, లెక్కగట్టడం, చిత్తుప్రతి రాయడం మొదటి తరగతి. సరుకు కొనడం, ఒకరి పేరిట ఉత్తరం పంపడం రెండవ తరగతి. తిరిగి రాబట్టలేని విధంగా చెరిపివేయడం, మనిషిపై ఆయుధం ప్రయోగించడం మూడవ తరగతి.

ప్రతిసారీ అడిగితే పని సాగదన్న ఆక్షేపణకు కూడా సమాధానం ఉంది. దైవప్రవక్త (స) ఒక గొర్రె కొనుక్కు రమ్మని ఉర్వా అల్‌బారిఖీ (రజి)కి ఒక దీనారు ఇచ్చారు. ఆయన దానితో రెండు గొర్రెలు కొని, ఒకదాన్ని ఒక దీనారుకు అమ్మి, గొర్రెనూ దీనారునూ తెచ్చి అప్పగించారు. దైవప్రవక్త (స) ఆయన వ్యాపారంలో శుభం కలగాలని ప్రార్థించారు. ఆజ్ఞను దాటి చేసిన ఇటువంటి అమ్మకం యజమాని ఆమోదించేవరకు నిలిచి ఉంటుందని హనఫీ, మాలికీ పండితులు నిర్ణయించారు. షాఫయీ మజ్‌హబ్‌లోని ప్రబల అభిప్రాయం ప్రకారం అది అసలు చెల్లదు. ఆమోదం కోసం ఆపి ఉంచడం వెనక్కి తీసుకోగల పనుల్లోనే సాధ్యమని మనం గ్రహించాలి. అమ్మకాన్ని ఆపి ఉంచవచ్చు. కిందికి వంగిన విమానాన్ని ఆమోదం కోసం ఆకాశంలో ఆపి ఉంచలేము. వెనక్కి తీసుకోగల పనిలో చొరవకు చోటివ్వడం, తీసుకోలేని పనిలో ముందే తలుపు మూయడం, ఇదే ఈ అభిప్రాయభేదం నుంచి నిర్మాతలు నేర్వదగిన పాఠం.

పోలికకు హద్దు

ఈ పోలికను ఎక్కడ ఆపాలో కూడా చెప్పాలి. వకీలుకు దైవభీతి ఉంటుంది, లోకనింద భయం ఉంటుంది, ఖాజీ ఎదుట నిలబడవలసి ఉంటుంది. యంత్రానికి ఇవేవీ లేవు. అది ముకల్లఫ్ కాదు. భాషను నేర్చిన యంత్రాలకు ఈ-మెయిలు, ఖాతాలు, కంప్యూటరు ఆదేశాలు అప్పగించి, వాటిని ‘ఏజెంట్లు’ అంటున్నారు. అరబీ రచయితలు దీన్ని ‘వకీల్’ అనే అనువదిస్తున్నారు. మాట తీసుకున్నవారు షరతులను వదిలేయకూడదు. ఫిఖహ్ నియమాలు ఇక్కడ అధికారం పుచ్చుకున్న యంత్రాన్ని బంధించవు. ఇచ్చిన మనిషిని బంధిస్తాయి. అంబియా సూరా (21:78) ప్రస్తావించిన, రాత్రివేళ పొలంలో పడి మేసిన గొర్రెల తగవులో దావూద్ (అ), సులైమాన్ (అ) తీర్పులు వేరైనా, వ్యాఖ్యాతలు చెప్పిన ప్రకారం ఇద్దరూ బాధ్యత మోపింది గొర్రెల యజమాని మీదనే. యంత్రమే నిర్ణయించిందని చెప్పి నిర్మాతలు తప్పుకునే అవకాశం షరీఅత్ దృష్టిలో లేదు.

మన పండితులు ఈ చర్చలోకి రావడం అవసరం. 1950లో అలన్ ట్యూరింగ్ యంత్రాల ఆలోచనాశక్తిపై ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో, స్త్రీలకు ఆత్మ లేదన్నది ముస్లిముల అభిప్రాయమన్నట్టు ఒక ప్రస్తావన ఉంది. సత్కార్యాలకు ప్రతిఫలం విషయంలో స్త్రీపురుషులను కలిపి పేర్కొన్న అహ్‌జాబ్ సూరా (33:35) ఒక్కటి చూసినా ఆ మాట నిలవదు. ఒక శాస్త్రానికి పునాది వేసిన వ్యాసంలో మన గురించి వినికిడి మాట చేరడానికి ఒక కారణం, ఆ సభలో మనం లేకపోవడం.

మన వైపు నుంచి వెలువడే రచనలు ప్రస్తుతం రెండు రకాలు. 1206లో అల్‌జజరీ రాసిన యంత్రశాస్త్ర గ్రంథాన్ని చూపి, కృత్రిమ మేధ మనదేనని సంతోషించేవి కొన్ని. ఆ నీటి గడియారాలు అద్భుతమైన పనితనమే. కాని తేలుబంతులకూ బరువులకూ బుద్ధిని ఆపాదించడం అల్‌జజరీకి గౌరవం కాదు. యంత్రానికి బుద్ధి అనడమే షిర్క్ అని తోసిపుచ్చేవి మరికొన్ని. మొదటివి గతంతో, రెండవవి భయంతో సరిపెట్టుకుంటున్నాయి. ఏ పని ఏ యంత్రానికి, ఎంతవరకు, ఎవరి పూచీపై అప్పగించవచ్చు అన్న ప్రశ్న రెండింటిలోనూ లేదు. మన ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో ఆ అప్పగింతలు ఇప్పటికే సాగుతున్నాయి. వకాలత్, హజ్ర్, జమాన్ అధ్యాయాలను విద్యార్థులకు బోధించే ఉస్తాదులు ఈ ప్రశ్నను తమ పాఠంలో చేర్చుకుంటే, బోస్ట్రమ్, రసెల్‌ల గ్రంథాలకు మన నుంచి తగిన జవాబు తయారవుతుంది. వల్లాహు ఆలమ్.